చారలు రాకుండా

జూన్ 3, బుధవారం

ఇవాళ్టికి ఇరవై వారాలు నిండాయి. ఇంకా ఒక్క చార కూడా రాలేదు.

తేదీతో సహా ఎందుకు రాస్తున్నానంటే, రేపెప్పుడైనా మొదలైతే ఎప్పుడు మొదలయ్యాయో తెలియాలి. డాక్టరమ్మ అడిగితే చెప్పొచ్చు. ఆవిడ అడగదు, అది వేరే విషయం. కిందటి వారం నేనే అడిగాను, పొట్ట మీద, తొడల మీద చారలు రాకుండా ఏం వాడాలని. ఫైల్లోంచి తల ఎత్తకుండానే, "ఏదో ఒకటి రాసుకో, చర్మం మెత్తగా ఉంటుంది," అంది.

"రాసుకుంటే చారలు రావు కదండీ?"

"రావాలనుంటే వస్తాయి. మీ అమ్మగారికి ఉన్నాయా?"

ఉన్నాయి. అక్కకీ ఉన్నాయి.

"అయితే ఇంకేం," అని తరవాతి పేషెంటుని పిలిచింది. ఇంతోటి మాట చెప్పడానికి గంటన్నర కూర్చోబెట్టారు.

నాకు అందం పిచ్చేమీ లేదు. ఉద్యోగం అలాంటిది. రోజుకి మూడు బ్యాచీలు, నడుం లోతు నీళ్ళలో నిలబడి ఆడవాళ్ళకీ పిల్లలకీ ఈత నేర్పడం. ఈత డ్రెస్సులో పొట్ట దాగుతుంది, తొడలు దాగవు. పదకొండేళ్ళుగా ఆ గట్టు మీద తల ఎత్తుకుని నడిచాను. ఇప్పుడు తువ్వాలు చుట్టుకుని నడవమంటే నావల్ల కాదు.

అక్కలా అయిపోవడం నావల్ల కాదు.

జూన్ 7

అమ్మ ఫోను. మోకాలి ఆపరేషనయ్యాక మంచం దిగలేక, పెత్తనమంతా ఫోన్లోనే. నేను పళ్ళు తోముకునే టైముకి సరిగ్గా మోగుతుంది. నూనె సంగతి మళ్ళీ మొదలు. గోరువెచ్చగా కాచి, కింది నుంచి పైకి రాయాలట. పక్కల నుంచి మధ్యకి రాయకూడదట.

"ఎందుకమ్మా?"

"మా అమ్మ అలాగే చెప్పింది."

"మరి నీకెందుకు వచ్చాయి?"

"నేను సరిగ్గా రాయలేదు."

చివర్లో ఎప్పుడూ చెప్పేదే మళ్ళీ చెప్పింది. "దురద పెట్టిందంటే చర్మం సాగుతున్నట్టు. గోకకు. గోకావంటే అక్కడే చార పడుతుంది. నూనె రాయి, తగ్గిపోతుంది."

జూన్ 8

నూనె మొదలుపెట్టాను. నమ్మకం ఉండి కాదు. పక్కల నుంచి మధ్యకి రాస్తే ఏమవుతుందోనని కింది నుంచి పైకే రాశాను.

జూన్ 11

పూల్ చూసుకునే పెద్దాయన్ని మేమంతా మీటరు గారంటాం. గంటకోసారి చిన్న సీసాలో నీళ్ళు తీసి, మందు చుక్కలు వేసి, రంగు చూసి, తల ఊపి, పుస్తకంలో రాసుకుంటాడు. ఇవాళ తల ఊపలేదు. గట్టు మీద గొంతుక్కూర్చుని నీళ్ళని చూస్తున్నాడు. పైన రంగురంగుల పొర తేలుతోంది.

"ఎవరో నూనె రాసుకుని దిగారమ్మా."

"అవునా."

"సరిగ్గా నువ్వు నిలబడే చోటే ఉంది, ఎందుకో."

"పిల్లల తల నూనె అయ్యుంటుందండీ."

"పిల్లలకి టోపీలు ఉన్నాయి కదమ్మా."

సాయంత్రానికి ఎర్ర పెయింటుతో బోర్డు వేలాడదీశాడు. నూనె, క్రీము రాసుకుని దిగరాదు, ఎవరైనా సరే. 'ఎవరైనా సరే' కింద రెండు గీతలు.

ఇక రాసుకోవడం పూల్ నుంచి వచ్చాకే. అంటే రోజులో ఆరుగంటలు నా చర్మానికి దిక్కు లేదు.

జూన్ 21, ఆదివారం

అక్క వచ్చింది. అక్క ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతుంది. అదే అలవాటు మాటల్లోనూ. నేను "చారలు రానివ్వను" అన్నాను. "నువ్వు రానిచ్చేదేముంది, రాకుండా చూసుకుంటాను అను," అంది. ఒళ్ళు మండింది. అది చూసి నవ్వింది. నవ్వడం అరుదు కదా అని ఊరుకున్నాను.

వెళ్తూ వెళ్తూ సంచిలోంచి ఒక క్రీము ట్యూబు తీసి ఇచ్చింది. "నాకని కొన్నాను. నువ్వు వాడుకో. వచ్చినవే పోతాయని రాసి ఉంది, రాకుండా ఆపదా?"

చిన్నప్పుడు మేమిద్దరం ఒకే నెలలో ఈత నేర్చుకున్నాం. నాకంటే అక్కే వేగం. నేను సగం దూరంలో ఉండగానే అవతలి గట్టు మీద కూర్చుని కాళ్ళు ఊపుతూ ఉండేది. నీళ్ళలోకి దిగి ఆరేళ్ళయింది. బిడ్డ దక్కలేదు, అది ఎవరం మాట్లాడుకోం. కానీ ఈత మానడానికి కారణం అది కాదు, చారలు. తనే చెప్పింది. "ఈ తొడలేసుకుని ఎలా దిగనే," అంది. అంత ఈత వచ్చిన మనిషి చర్మం మీది నాలుగు గీతలకి ఓడిపోయింది. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది నాకు.

జూన్ 24

మందుల షాపు ఆయనకి ట్యూబు చూపించాను, నూనె ముందా ఇది ముందా అని అడుగుదామని. కళ్ళద్దాలు పైకి నెట్టి, వెనకాల చిన్నక్షరాలు చదివి, ట్యూబుని తన వైపు పెట్టేసుకున్నాడు. "ఎన్నో నెలమ్మా? ఇది కడుపుతో ఉన్నవాళ్ళు వాడకూడదు. బిడ్డకి మంచిది కాదు. ఎవరిచ్చారు?"

"మా అక్క," అన్నాను. షాపులో ఉన్న నలుగురూ నా వైపు చూశారు.

బయటికి రాగానే ఫోను చేసి నాలుగూ అనేశాను. ప్రూఫులు దిద్దే మనిషివి, ట్యూబు మీద రాసింది చదవలేవా అన్నాను. నీ దగ్గర పనికిరానిది నాకెందుకు అంటగట్టావు అన్నాను. తరవాత, "చూడలేదే. తప్పయిపోయింది," అని పెట్టేసింది.

నా తప్పేమీ లేదు ఇందులో.

జూన్ 25

నా తప్పేమీ లేదు.

జూలై 12

పొట్ట అడ్డం వచ్చి కింది భాగం నాకు కనిపించడం లేదు. చేతి అద్దంతో చూస్తే సగం అద్దం, సగం నా గడ్డం. చివరికి మా ఆయన్ని పిలిచాను. ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. చీకటి గుంతల్లోకి వేసే పెద్ద టార్చి తెచ్చాడు.

"ఇదిగో, ఇక్కడ ఒకటి ఉంది, సన్నగా, అడ్డంగా."

"ఎర్రగా ఉందా, ఊదాగానా?"

"ఎర్రగా. చుట్టూ వెళ్ళింది. వెనకదాకా."

"వెనకదాకానా?"

"లంగా బొందు ఆనవాలు అనుకుంటా."

టార్చి లాక్కుని పొమ్మన్నాను. వెళ్ళలేదు. మంచం చివర కూర్చుని, "వస్తే మాత్రం ఏమవుతుంది, కోచ్?" అన్నాడు. కోపంగా ఉన్నానని తెలిస్తే నన్ను కోచ్ అంటాడు. ఏమవుతుందో ఆయనకెలా చెప్పడం. ఒంటినిండా జేబులున్న డ్రెస్సు వేసుకుని పని చేసే మనిషికి.

జూలై 30

ఇరవై ఎనిమిది వారాలు దాటాయి. సున్నా. అమ్మకి గర్వంగా చెప్పాను. "చూశావా, కింది నుంచి పైకి," అంది.

ఆగస్టు 9

వచ్చింది.

ఎడమ తొడ, పక్కన. మూడు.

ఆగస్టు 10

ఐదు.

పిల్లల బ్యాచీకి తువ్వాలు చుట్టుకుని వెళ్ళాను. నీళ్ళలోకి దిగే చివరి మెట్టు మీద తీశాను. ఏడేళ్ళ పిల్ల ఒకతి నా తొడ వైపు వేలు చూపించి, "అక్కా, పిల్లి గీరిందా?" అంది. వాళ్ళమ్మ దాని నోరు మూసింది. దాని నోరు మూసినందుకే ఎక్కువ బాధేసింది.

నూనె పొద్దున, సాయంత్రం. మధ్యాహ్నం మందుల షాపు ఆయన ఇచ్చిన తెల్ల క్రీము. ఇక వచ్చినవి వచ్చాయి, కొత్తవి రాకూడదు.

ఆగస్టు 16

దురద మొదలైంది. అమ్మ చెప్పినట్టే. అంటే ఇంకా సాగుతోందన్నమాట, ఇంకా వస్తాయన్నమాట. గోకకూడదు. గోకకూడదు. గోకకూడదు.

ఆగస్టు 20

చెకప్పు. బరువు, బీపీ, బిడ్డ గుండె చప్పుడు అన్నీ బాగున్నాయట. "ఇంకేమైనా ఇబ్బందులున్నాయా?" అంది డాక్టరమ్మ.

"చారలు వచ్చేశాయండీ."

అప్పుడు చూసింది తలెత్తి. "ఈ మూడు నెలల్లో నువ్వు నన్ను బిడ్డ గురించి ఎన్నిసార్లు అడిగావో, చారల గురించి ఎన్నిసార్లు అడిగావో లెక్కేసుకున్నావా?" అంది. నర్సు నవ్వాపుకుంది. చెప్పుతో కొట్టినట్టయింది. దురద సంగతి నోటిదాకా వచ్చింది గానీ మింగేశాను. చెప్తే మళ్ళీ చారల పురాణమే అంటుంది. ఎలాగూ సాగుతోంది అంటుంది, అంతే కదా.

ఆగస్టు 26

మీటరు గారితో గొడవ పెట్టుకున్నాను. క్లోరిన్ ఎక్కువ కలుపుతున్నారు, నా చేతులు మండిపోతున్నాయి అన్నాను. ఆయన ఏమీ అనకుండా సీసా ముంచి, చుక్కలు వేసి, నా కళ్ళ ముందు పట్టుకున్నాడు. రంగు సరిగ్గా ఉండాల్సినట్టే ఉంది. తరవాత పుస్తకం తెచ్చి రెండు నెలల లెక్క చూపించాడు. ఒక్క పూట తప్పలేదు.

"పిల్లలెవరికీ దురద లేదమ్మా. నాకూ లేదు," అన్నాడు. కోపంగా కాదు, చిన్నబుచ్చుకుని. "నేను ముప్ఫై ఏళ్ళనుంచి చేస్తున్న పని."

అయితే సబ్బు అయ్యుంటుంది.

ఆగస్టు 28

సబ్బు మార్చాను.

ఆగస్టు 30

సబ్బు కాదు. బట్టల పొడి అయ్యుండాలి. మా ఆయన్ని అన్ని బట్టలూ ఉత్త నీళ్ళలో ఇంకోసారి జాడించమన్నాను. జాడించాడు. ఒక్క మాటా అనకుండా జాడించాడు, అదే నాకు ఇంకా ఒళ్ళుమంట.

సెప్టెంబరు 2

నిద్ర లేదు. నాలుగు రోజులనుంచి లేదు. దురద పొట్ట మీద ఇంత ఉంటే అరచేతుల్లో దానికి రెండింతలు. అరికాళ్ళు మరీను. బాత్రూము గచ్చు చల్లగా ఉంటుందని అక్కడ నిలబడుతున్నాను. దువ్వెనతో పాదాలు గోక్కుంటున్నాను. పాదాలు గోకినా చార పడేది పాదాల మీదే కదా, పడనీ, ఎవరు చూస్తారు.

చిత్రమేమిటంటే ఎక్కడా దద్దుర్లు లేవు. ఉత్త దురద.

బిడ్డ బాగానే తన్నుతోంది. నిన్న కాస్త తక్కువ. నేను నిద్రపోక తనూ అలిసిపోయి ఉంటుంది.

సెప్టెంబరు 5, శనివారం

ఇవాళ మా ఆయన మీద అరిచాను. ఆయన తప్పేం లేదు. నా పాదాలు ఒళ్ళో పెట్టుకుని నూనె రాస్తున్నాడు. రాస్తూ రాస్తూ ఆపేశాడు.

"కాళ్ళంతా రక్కుకుపోయి ఉన్నాయి. నెత్తురు కూడా వచ్చింది."

"దురద అని చెప్పాను కదా. చర్మం సాగుతోంది."

నూనె గిన్నె కింద పెట్టాడు. మా ఆయన చేతిలో పని ఆపితే ఏదో అడగబోతున్నాడని అర్థం.

"అరికాళ్ళు కూడా సాగుతాయా?"

"అబ్బా, మీకెందుకండీ అవన్నీ?"

"అది కాదు. సాగేది మధ్యలో కదా. దురద ఈ చివర్లలో ఎందుకు? అరచేతులు కూడా అంటున్నావు."

నేను తల్లిని, నా ఒళ్ళు, అమ్మ ఇద్దర్ని కన్నది, అక్క కూడా మోసింది, అందరికీ తెలిసిన సంగతి మీకొక్కరికే తెలియదా, లిఫ్టు తాళ్ళ గురించి చెప్పమన్నప్పుడు చెప్పండి అన్నాను. నూనె గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాడు. గిన్నె కడిగిన చప్పుడు చాలాసేపు వినిపించింది.

సెప్టెంబరు 6

అరికాళ్ళు సాగవు.

సెప్టెంబరు 7, సోమవారం

పొద్దున ఆస్పత్రి. మా ఆయన తన పని మానుకుని వచ్చాడు. చారల మాట ఎత్తకుండా, ఉన్నదున్నట్టు చెప్పాను. అరచేతులు, అరికాళ్ళు, దద్దుర్లు లేవు, మూడు వారాలు. 'మూడు వారాలు' అనగానే డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది.

"కిందటిసారి ఎందుకు చెప్పలేదు?"

నేను ఆవిడ ముందున్న ఫైలు వైపు చూశాను. ఆవిడకి కూడా గుర్తొచ్చినట్టుంది. గొంతు మారింది. "సరే. నేనూ ఇంకోసారి అడగాల్సింది," అంది.

కాలేయం సరిగ్గా పని చేయకపోతే పైత్యరసం రక్తంలో చేరుతుందట. కొంతమందికి కడుపుతో ఉన్నప్పుడే ఇలా అవుతుందట. తల్లికి దురద, అంతే. కానీ మరీ ఎక్కువైతే లోపల బిడ్డకి ప్రమాదం. అప్పటిదాకా బాగా తన్నుతున్న బిడ్డ కూడా ఉన్నట్టుండి... ఆవిడ అంతకంటే చెప్పలేదు. చెప్పకుండా వదిలేసిన చోటు నాకు వినిపించింది.

రక్తం తీశారు. బిడ్డ గుండె చప్పుడు గంటసేపు కాగితం మీద గీయించారు. బాగానే ఉంది. మంచం మీద పడుకుని ఆ కాగితం వంకే చూశాను. మూడు నెలలు నా ఒంటి మీది గీతలు లెక్కపెట్టాను నేను.

మా ఆయన అక్కకి ఫోను చేశాడట. నేను చెయ్యమనలేదు.

సెప్టెంబరు 9

పరీక్షలు వచ్చాయి. అదే. ఎక్కువగానే ఉంది గానీ మరీ భయపడేంత కాదట. మాత్రలు రాసింది. వారానికి రెండుసార్లు రావాలి. కదలికలు లెక్కపెట్టుకోవాలి. ముప్ఫై ఏడో వారంలో నొప్పులు తెప్పించి కాన్పు చేస్తుంది, అంతకన్నా ఆగదు.

ఇవాళ తోడు వచ్చింది అక్క. ట్యూబు గొడవ తరవాత ఇదే చూసుకోవడం. నేను సారీ చెప్పలేదు. తను అడగలేదు. ఇద్దరం బెంచీ మీద పక్కపక్కన కూర్చుని గోడ మీది గడియారం చూశాం.

లోపల డాక్టరమ్మ అడిగింది. "ఇది కొన్ని కుటుంబాల్లో ఉంటుంది. మీ ఇంట్లో ఎవరికైనా కడుపుతో ఉన్నప్పుడు ఇలా దురద వచ్చిందా? అమ్మకి గానీ, అక్కచెల్లెళ్ళకి గానీ?"

"లేదండీ," అన్నాను. అంత ఖాయంగా ఎలా అన్నానో తెలియదు.

బయటికి వచ్చాక అక్క మందుల కౌంటరు వైపు నడవలేదు. నిలబడిపోయింది.

"నేను గరిటెతో గోక్కునేదాన్ని," అంది.

"ఏంటి?"

"అరికాళ్ళు. ఎనిమిదో నెలలో. చెక్క గరిటె. మీ బావ తిట్టేవాడు, వంటింటి వస్తువు అని."

ఆస్పత్రిలో మనుషులు మా ఇద్దర్నీ తప్పుకుని అటూ ఇటూ పోతున్నారు. నేను అక్క మోచెయ్యి పట్టుకుని బెంచీ మీద కూర్చోబెట్టాను.

"ఎవరికైనా చెప్పావా?"

"అమ్మకి చెప్పాను. సాగుతోంది, నూనె రాయమంది. రాశాను. పదిహేను రోజులకి వాడు తన్నడం మానేశాడు."

వాడు. ఆరేళ్ళలో మొదటిసారి అక్క నోట 'వాడు' అన్న మాట విన్నాను. మగపిల్లాడని నాకు తెలుసు. ఎవరో చెప్పగా తెలుసు.

"ఏడో నెల దాకా ఈదాను కదా, దానివల్లే అంది అమ్మ. నీళ్ళలో ఆ గెంతులేంటని. నేనూ అదే అనుకున్నాను. ఇప్పటిదాకా అదే."

"నువ్వు చారల వల్ల కదా ఈత మానేశావు?"

"నువ్వు ఊరికే అడుగుతుంటే ఏదో ఒకటి చెప్పాలి కదే."

తెలివితక్కువగా, "మరి ఆ ట్యూబు?" అన్నాను.

"కొన్నాను. రాయబుద్ధి కాలేదు. అవి కూడా పోతే వాడు ఉన్నాడని ఇంకెక్కడ ఉంటుంది?"

మళ్ళీ లోపలికి వెళ్ళాం. నంబరు లేకుండా వచ్చామని నర్సు అడ్డుపడితే నేనే తలుపు తోశాను. అక్క చెప్పింది. తప్పులు దిద్దేటప్పుడు చెప్పినట్టే చెప్పింది, ఒకదాని తరవాత ఒకటి, తేదీలతో. డాక్టరమ్మ మధ్యలో ఆపలేదు.

"ఆరేళ్ళ కిందటిది ఇప్పుడు తేల్చి చెప్పలేనమ్మా. అప్పుడు రక్తపరీక్ష చేసి ఉంటే తెలిసేది. అయ్యుండొచ్చు."

"ఈతవల్ల?"

"ఈతవల్ల కాదు. అది మాత్రం ఖాయంగా చెప్తాను."

అక్క తల ఊపింది. చెమ్మగిల్లిన కళ్ళజోడు తీసి, తుడుచుకోకుండా చేతిలో పట్టుకుని బయటికి నడిచింది. గుమ్మం దాటుతూ తడబడితే పట్టుకున్నాను.

మందులు ఇంటికి వెళ్ళేదాకా గుర్తు రాలేదు. మా ఆయన మళ్ళీ వెనక్కి వెళ్ళి తెచ్చాడు.

సెప్టెంబరు 13

ఇవాళ పద్నాలుగు కదలికలు, గంటలో. మాత్రలతో దురద కొంచెం నయం.

మా ఆయనకి క్షమాపణ చెప్పాను. "దేనికి?" అన్నాడు. నిజంగానే మర్చిపోయాడో నటిస్తున్నాడో అర్థం కాదు. ఈ మనిషితో సరిగ్గా పోట్లాడనూ లేం, సరిగ్గా రాజీపడనూ లేం.

సెప్టెంబరు 18

పూల్‌కి సెలవు పెట్టేశాను. మీటరు గారికి కూడా క్షమాపణ చెప్పాను, క్లోరిన్ సంగతి. పుస్తకం తెరిచి ఆ రోజు లెక్క పక్కన, 'ఫిర్యాదు వెనక్కి తీసుకున్నారు' అని రాసుకున్నాడు. నా చేత సంతకం పెట్టించాడు.

సెప్టెంబరు 24

అక్క రోజూ వస్తోంది. ప్రూఫుల కట్ట తెచ్చుకుని నా మంచం పక్కనే కూర్చుంటుంది. నేను కదలికలు లెక్కపెడుతుంటే తను మార్జిన్లో చుక్కలు పెడుతుంది. కదిలినప్పుడల్లా ఒకటి. అచ్చుకి వెళ్ళే పుస్తకమే అది. చెరపకుండా ఇచ్చేస్తానంది.

ఒక గంటలో ఆరే వచ్చాయి. అక్క ముఖం చూసి నాకు ప్రాణం పోయింది. చల్లటి నీళ్ళు తాగి ఎడమవైపు తిరిగి పడుకున్నాను. తరవాతి గంటలో పదకొండు. అక్క లేచి బాత్రూములోకి వెళ్ళి చాలాసేపు రాలేదు.

సెప్టెంబరు 29

రేపు చేరాలి. భయంగా ఉంది. రాయడానికి ఇంకేం లేదు.

అక్టోబరు 4

పాప.

రెండు కిలోల ఏడు వందలు. పద్నాలుగు గంటలు పట్టింది. పుట్టగానే ఏడవలేదు, ఆ కాసేపటి గురించి నేను రాయను. తరవాత ఏడ్చింది. ఇంకా ఆపలేదు.

దురద మూడో రోజుకి మాయమైపోయింది, ఎవరో మీట నొక్కి ఆపేసినట్టు. కాలేయం పరీక్ష ఇంకో ఆరు వారాలకి. మళ్ళీ కడుపుతో ఉంటే మొదటినుంచీ చెప్పాలి, మళ్ళీ వచ్చే అవకాశం ఉందట.

చారలా? ఉన్నాయి. పొట్ట కింద కూడా ఉన్నాయట, చూసింది నర్సు. లెక్కపెట్టలేదు. ఓపిక లేదు. వాటి మీద ఇష్టం కలిగిందని రాసుకుంటే అబద్ధమవుతుంది. అద్దంలో చూస్తే ఇప్పటికీ చిరాకే.

అక్టోబరు 15

పాలు చాలడం లేదని ఒకరు, ఎక్కువై పాపకి పొలమారుతోందని ఒకరు. పాపని బోర్లా వేయమని పక్కింటావిడ, వెల్లకిలా తప్ప వేయొద్దని డాక్టరమ్మ. ఇన్నాళ్ళూ నా ఒంటికే సలహాలు. ఇప్పుడు ఇద్దరికీ.

నవంబరు 8, ఆదివారం

అమ్మ వచ్చింది. కర్ర పట్టుకుని, మెట్టుకో నిమిషం ఆగుతూ. పాపని చూసి ఏడ్చి, ముక్కు తనదేనని తేల్చి, గోడకి ఆనుకుని కాళ్ళు చాపుకుని ఒళ్ళో వేసుకుంది. అక్క వంటింట్లో టీ పెడుతోంది.

"నీకు నీళ్ళు అచ్చొచ్చాయే," అంది అమ్మ, గొంతు తగ్గించి. "తొమ్మిదో నెల దాకా నానుతూనే ఉన్నావు. దానికే కలిసి రాలేదు."

నేను నోరు తెరిచేలోపే అక్క గుమ్మంలో ఉంది.

"అమ్మా, ఈతవల్ల కాదు."

"ఇప్పుడెందుకే అవన్నీ, పిల్లని ఒళ్ళో పెట్టుకుని."

"ఇప్పుడే చెప్తాను."

చెప్పింది. నాకొచ్చినదేమిటో, తనకొచ్చినది కూడా అదే అయ్యుండొచ్చని, ఇప్పుడు ఎవరూ రుజువు చేయలేరని, ఈత మాత్రం కాదని. అమ్మ వింటూ పాప పాదం పట్టుకుని ఉంది. కాసేపటికి వదిలేసింది.

"అరికాళ్ళా?"

"అరచేతులు కూడా."

"నాకూ ఉండేది," అంది అమ్మ. "మీ ఇద్దరప్పుడూ. నీ అప్పుడు మరీ ఎక్కువ. మెట్టు అంచుకేసి రుద్దుకునేదాన్ని. మా అమ్మతో చెప్తే నూనె రాయమంది. అందరికీ ఉంటుందనుకున్నాను."

పాప ఒక్కతే ఏదో గొణుగుతోంది.

అమ్మ పాపని నాకు అందించి, కర్ర ఊతంతో లేచి, నేను పట్టుకోబోతే వద్దని, అక్క దగ్గరికి నడిచింది. నాలుగడుగుల దూరానికి ఎంతసేపు పట్టిందో. అక్క చెయ్యి తీసుకుని తిరగేసి, అరచెయ్యి చూసింది. ఇప్పుడు అక్కడ ఏముంటుంది చూడటానికి.

"నువ్వు చెప్పినప్పుడు చూడను కూడా చూడలేదే నేను," అంది.

అక్క చెయ్యి వెనక్కి తీసుకోలేదు. క్షమించాననీ అనలేదు. "టీ పొంగుతుంది, ఉండు," అంది. కానీ కదలలేదు. టీ పొంగింది. పొయ్యి మా ఆయన వెళ్ళి కట్టేశాడు.

ఇది రాస్తుంటే కోపం వస్తోంది. ఎవరి మీదో సరిగ్గా తెలియడం లేదు. ముగ్గురం ఆడవాళ్ళం. ఒకే దురద. అమ్మమ్మ దగ్గర్నుంచి నా దాకా అందరం నూనె రాయడమే నేర్చుకున్నాం. దేనికి వచ్చిందని ఒక్కరం అడగలేదు. అడిగింది లిఫ్టులు బాగుచేసే మనిషి, అతని మీదే అరిచాను.

పాప పెద్దయ్యాక ఈ డైరీ ఇస్తానా అంటే చచ్చినా ఇవ్వను. ఇందులో వాళ్ళ నాన్నని అన్న మాటలు చాలా ఉన్నాయి. చివరి ఖాళీ పేజీలో ఇది మాత్రం విడిగా రాసి, చింపి ఇస్తాను:

అరచేతులు, అరికాళ్ళు, దద్దుర్లు లేని దురద. అమ్మమ్మకి, పెద్దమ్మకి, అమ్మకి. నూనె రాసుకుంటూ కూర్చోకు. ఆ రోజే వెళ్ళి రక్తపరీక్ష చేయించుకో. ఎవరైనా ఫైల్లోంచి తల ఎత్తకపోతే, ఎత్తేదాకా అక్కడినుంచి కదలకు.